బ్రిటిష్ సిట్‌కామ్‌లు: మీకు నచ్చినవి ఏవి, అసలు నవ్వు ఎక్కడి నుంచి వస్తోంది?

బెజవాడ బ్యాచ్
ఫాల్టీ టవర్స్ అనే సిట్‌కామ్ (అవే పాత్రలతో నడిచే హాస్య సీరియల్) మొత్తం చూసేశాను. మొత్తం అంటే పన్నెండు ఎపిసోడ్లే, 1975లో ఆరు, మళ్లీ నాలుగేళ్లు ఆగి 1979లో ఆరు. అంత తక్కువ తీసి కూడా ఇన్నేళ్లుగా జనం నోళ్లలో నానుతోందంటే మామూలు విషయం కాదు. అందుకే ఈ థ్రెడ్. మీకు నచ్చిన బ్రిటిష్ సిట్‌కామ్ ఏది, అందులో మీకు ఎక్కడ నవ్వొచ్చిందో వివరంగా రాయండి, "సూపర్ ఉంటుంది బ్రో" అని వదిలేయకండి.

నా వరకు గోర్మే నైట్ ఎపిసోడ్‌లో కారు సీను. టార్కీ ఊళ్లో హోటల్, ఓనర్ బాసిల్. ఊరి పెద్దమనుషుల్ని పిలిచి విందు పెట్టాడు, తీరా వంటవాడు తాగి పడిపోయాడు, ఇంకో రెస్టారెంట్ నుంచి బాతు వంటకం తేవడానికి బాసిల్ కారేసుకుని పరుగు. దారిలో కారు మొరాయించింది. కారుకే వార్నింగ్ ఇస్తాడు, మూడు లెక్కపెడతాడు, నీ సంగతి చెప్తానుండు అని పక్కకు పరిగెత్తి ఫ్రేములోంచి మాయమవుతాడు. కెమెరా మాత్రం అక్కడే ఉంటుంది. రోడ్డు మీద ఎర్ర కారు ఒక్కటే కనిపిస్తుంటుంది. కాసేపటికి చెట్టు కొమ్మ పట్టుకొచ్చి కారుని చితకబాదుతాడు. నాకు నవ్వొచ్చింది బాదినప్పుడు కాదు, ఆ ఖాళీ రోడ్డు కనిపించినప్పుడు. కోపం వచ్చినవాడు చేతికందింది విసిరేస్తాడు, ఇతను పనిగట్టుకుని వెళ్లి, తగిన కొమ్మ చూసుకుని తెచ్చుకున్నాడు. అంత కోపంలోనూ అంత శ్రద్ధ!

స్క్రిప్ట్ పిచ్చి
మంచి థ్రెడ్. ఆ సీను గురించి ఒక మాట కలుపుతాను. బాసిల్‌గా వేసిన జాన్ క్లీస్, కొనీ బూత్ ఇద్దరూ కూర్చుని ఒక్కో స్క్రిప్టుని వారాల తరబడి చెక్కారు. మొదటి సిరీస్ అప్పుడు వాళ్లు భార్యాభర్తలు, రెండో సిరీస్ వచ్చేసరికి విడిపోయారు, అయినా కలిసే రాశారు. అందుకే ఏ ఎపిసోడ్ తీసుకున్నా మొదటి అయిదు నిమిషాల్లో పడేసిన చిన్న విషయం చివర్లో కొంప ముంచుతుంది. బాసిల్ ఏదో ఒకటి దాస్తాడు, పెళ్లాం సిబిల్‌కి తెలియకూడదని. ఆ దాచినదాన్ని కప్పిపుచ్చడానికి ఇంకోటి చెప్తాడు. అక్కడి నుంచి ప్రతి అడుగూ అతని లెక్కలో సబబే, చూసే మనకి మాత్రం గొయ్యి ఇంకాస్త లోతవుతున్నట్టు తెలుస్తుంటుంది. జోకులు విడిగా పెట్టక్కర్లేదు, ఇరుకున పడ్డవాడి మొహం చాలు.

బాసిల్ గాల్లోంచి పుట్టినవాడు కూడా కాదు. 1970లో క్లీస్ ఉన్న మాంటీ పైథాన్ కామెడీ బృందం షూటింగుకని టార్కీ వెళ్లి గ్లెన్‌ఈగల్స్ అనే హోటల్లో దిగింది. దాని ఓనర్ డొనాల్డ్ సింక్లెయిర్ ఎరిక్ ఐడిల్ బ్రీఫ్‌కేసుని బాంబేమో అని తీసుకెళ్లి బయట గోడ అవతల పెట్టించాడు, టెర్రీ గిలియమ్ భోజనం చేసే పద్ధతి బాగాలేదని మొహం మీదే అన్నాడు. మిగతావాళ్లు తట్టుకోలేక వేరే హోటల్‌కి మారిపోతే క్లీస్, బూత్ మాత్రం అక్కడే ఉండిపోయారు. రాసేవాడి చూపంటే అదీ!

రిటైర్డ్ సూపరింటెండెంట్
నేను ఉద్యోగమంతా ప్రభుత్వ కార్యాలయాల్లో, ఫైళ్ల మధ్యే గడిపినవాణ్ణి. నా ఓటు యెస్ మినిస్టర్‌కి, దాని తరువాయి యెస్ ప్రైమ్ మినిస్టర్‌కి. 1980 నుంచి 1988 దాకా వచ్చాయి. ఆంటొనీ జే, జొనాథన్ లిన్ రాశారు. మంత్రి జిమ్ హాకర్‌గా పాల్ ఎడింగ్టన్, శాఖ పర్మనెంట్ సెక్రటరీ సర్ హంఫ్రీగా నైజెల్ హాథార్న్, మధ్యలో నలిగిపోయే ప్రైవేట్ సెక్రటరీ బెర్నార్డ్‌గా డెరెక్ ఫౌల్డ్స్.

ఒక ఎపిసోడ్ చెప్తాను. కొత్తగా కట్టిన ఆసుపత్రి. అయిదు వందల మందికి పైగా సిబ్బంది. రోగి మాత్రం ఒక్కడూ లేడు. మంత్రిగారు నిర్ఘాంతపోయి అడిగితే హంఫ్రీ ఏమాత్రం తొణక్కుండా జవాబు చెప్తాడు: రోగులు లేకపోయినా పని ఉంటుంది కదా, అకౌంట్స్, పర్సనెల్, ప్లానింగ్, ఇవన్నీ నడవాలి కదా అని. ఆసుపత్రికి పరిశుభ్రతలో అవార్డుకి పోటీపడే స్థాయి కూడా ఉంది. నిజమే, రోగులే లేనప్పుడు శుభ్రంగానే ఉంటుంది మరి. ఈ సీను చూసి నేను నవ్విన నవ్వు వేరు, మా పిల్లలు నవ్విన నవ్వు వేరు. సిబ్బంది మంజూరై, భవనం మంజూరై, అసలు పని మొదలుకాని కార్యాలయం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందులో ఎవరూ దొంగలు కారు. ప్రతి ఒక్కరూ తన సీటు వరకు నిబంధన ప్రకారమే పని చేస్తుంటారు. యెస్ మినిస్టర్ పట్టుకున్నది సరిగ్గా దాన్నే.

ఇంకో గొప్ప సంగతి: హాకర్ ఏ పార్టీయో చివరిదాకా చెప్పరు. హంఫ్రీ చెడ్డవాడూ కాదు, హాకర్ మంచివాడూ కాదు. ఒకడికి ఓట్లు, పేపర్లో ఫొటో కావాలి, ఇంకొకడికి శాఖ చెక్కుచెదరకూడదు. హంఫ్రీ "మీ నిర్ణయం చాలా సాహసోపేతమైనది మినిస్టర్" అంటే చాలు, హాకర్‌కి చెమటలు పడతాయి, ఎందుకంటే సాహసమంటే ఎన్నికల్లో ఓడిపోవడమే. ప్రధానిగా చేసిన హెరాల్డ్ విల్సన్ దగ్గర పనిచేసిన మార్సియా విలియమ్స్, బెర్నార్డ్ డొనహ్యూ లాంటివాళ్లు రచయితలకి లోపలి సంగతులు చెప్పారు కాబట్టే అంత నిజంగా ఉంటుంది. అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్‌కి ఎంత ఇష్టమంటే 1984లో ఆవిడే ఒక చిన్న నాటికలో ఆ నటులతో కలిసి నటించారు.

మన సచివాలయాల పద్ధతికి మూలం అక్కడే ఉంది కాబట్టి మనకి ఇది పరాయి కథ అనిపించదు. 2001లో స్టార్ ప్లస్‌లో జీ మంత్రీజీ అని హిందీలో తీశారు, ఫారూఖ్ షేక్ మంత్రి, జయంత్ కృపలానీ సెక్రటరీ. దొరికితే అదీ చూడండి.

ఓరుగల్లు
సూపరింటెండెంట్ గారూ, మీ పోస్టు చదివి ఆ ఆసుపత్రి ఎపిసోడ్ ఇప్పుడే చూసిన సర్. పెన్ను కింద పెట్టి రోజూ ఆఫీసుకు వచ్చేవాళ్లను నేను కూడా చూసిన కాబట్టి ఎక్కడ నవ్వాల్నో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

సర్వర్ రూమ్
మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ సపోర్ట్ చేసే ఎవరినైనా అడగండి, ది ఐటీ క్రౌడ్ అనే చెప్తారు. 2006లో మొదలైంది. పెద్ద కంపెనీ, పైన అద్దాల భవనం, ఐటీ వాళ్లు మాత్రం బేస్‌మెంట్‌లో. ఫోన్ మోగగానే రాయ్ "ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేసి చూశారా?" అంటాడు, అవతల ఎవరు, సమస్య ఏంటి, ఏదీ వినకుండానే. అది డైలాగ్ కాదు, మా జీవితం. మా టికెట్లలో చాలా భాగం నిజంగా దాంతోనే క్లోజ్ అవుతాయి.

రాయ్‌తో పనిచేసే మాస్ అనే అతని మంటల సీను చూశారా? ఆఫీసులో నిప్పంటుకుంది. మాస్ కంగారుపడడు. కుర్చీలో కూర్చుని ఫైర్ సర్వీసుకి ఈమెయిల్ టైప్ చేస్తాడు. "అయ్యా/అమ్మా, మా ఆవరణలో చెలరేగిన అగ్నిప్రమాదం గురించి మీకు తెలియజేయడానికి..." అని మొదలుపెట్టి, మరీ ఫార్మల్‌గా ఉందని చెరిపేసి, "మంటలు! మంటలు! కాపాడండి!" అని రాసి, అడ్రస్ ఇచ్చి, చివర్లో మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను అని ముగిస్తాడు. వెనక మంట మండుతూనే ఉంటుంది. కార్పొరేట్‌లో ఉన్నవాడికి ఇది కడుపుబ్బ నవ్వించే సీను, ఎందుకంటే మనం రోజూ చేసేది అదే. ప్రొడక్షన్ డౌన్ అయినా "హోప్ యూ ఆర్ డూయింగ్ వెల్" అని మొదలుపెట్టే మెయిల్ నేను చూశాను.

ఇంటర్నెట్ పెట్టె సీను రచన పరంగా ఇంకా గట్టిది. వాళ్ల మేనేజర్ జెన్‌కి కంప్యూటర్లంటే ఏమీ తెలీదు. స్పీచ్ ఇవ్వాల్సి వస్తే రాయ్, మాస్ ఒక చిన్న నల్ల పెట్టె, పైన ఎర్ర లైటు, ఇచ్చి ఇదే ఇంటర్నెట్ అంటారు. అందరి ముందూ ఆవిడ పరువు పోతుంది, చూసి ఆనందిద్దామని వీళ్ల ప్లాను. తీరా హాల్లో కూర్చున్న షేర్‌హోల్డర్లందరూ నిజమే అనుకుని నోరెళ్లబెడతారు! ఎదురుచూసిన జోకు ఒకటి, వచ్చింది దానికంటే పెద్దది.

గోదారి గాలి
నా ఓటు మైండ్ యువర్ లాంగ్వేజ్. 1977 నుంచి 79 దాకా వచ్చింది, లండన్‌లో రాత్రిపూట ఇంగ్లిష్ క్లాసు, దేశదేశాల స్టూడెంట్లు, బ్యారీ ఎవాన్స్ మాస్టారు. మా మామయ్య గల్ఫ్ నుంచి వీడియో క్యాసెట్లు తెస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవాళ్లం. మా అమ్మకి ఇంగ్లిష్ రాదు, అయినా జమీలా క్లాసులో కూర్చుని ఊలు అల్లుకుంటుంటే పడీ పడీ నవ్వేది. అందులో అలీ, రంజీత్ సింగ్, జమీలా మన ఇళ్లలో మనుషుల్లా ఉండేవాళ్లు. తర్వాత దూరదర్శన్ వాళ్లు 1993లో పంకజ్ కపూర్‌తో జబాన్ సంభాల్‌కే తీసింది దాన్ని చూసే. ఈ మధ్య మైండ్ యువర్ లాంగ్వేజ్‌ని అందరూ తిడుతున్నారు, నాకైతే బాధగా ఉంది.

లీసెస్టర్ తెలుగు
గోదారి గారూ, మీ ఇంటి జ్ఞాపకాన్ని నేను కాదనను. కానీ నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో ఉంటున్నాను కాబట్టి ఇంకో వైపు కూడా చెప్పాలి. ఒకచోట పనిచేసేటప్పుడు ఒకాయన నాతో ఎప్పుడు మాట్లాడినా ఆ సీరియల్ యాసలో, తల ఊపుతూ మాట్లాడేవాడు. అతనికి సరదా, నాకు మాత్రం ఒళ్లు మండేది. ఆ సీరియల్‌ని ఆపించింది కూడా బయటివాళ్లు కాదు, తీసిన లండన్ వీకెండ్ టెలివిజన్‌లోనే అధికారి మైకేల్ గ్రేడ్, ఇలా జాతికో మూస పెట్టి నవ్వించడం తప్పని ఆపేశారు.

ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్ సంగతీ అంతే. దేవ్‌లాలీలో బ్రిటిష్ సైనికుల నాటక బృందం కథ, 1974 నుంచి 81 దాకా. రంగీ రామ్ పాత్రకి మైకేల్ బేట్స్ మొహానికి రంగు పూసుకున్నారు. ఆయన ఝాన్సీలో పుట్టినవారు, ఉర్దూ బాగా వచ్చు, చూస్తే నటన బాగుంటుంది కూడా. అయినా పక్కనే దీనో షఫీక్ లాంటి మన ఉపఖండపు నటుడు చాయ్‌వాలాగా ఉండగా పెద్ద పాత్రకి రంగు పూసిన ఇంగ్లిష్ వాణ్ణి పెట్టారంటే నాకు మింగుడుపడదు.

తేడా ఎక్కడంటే, నవ్వు ఎవరి మీదకి పోతోంది అన్న దగ్గర. ఫాల్టీ టవర్స్‌లో సర్వర్ మాన్యుయెల్ బార్సిలోనా నుంచి వచ్చినవాడు, ఇంగ్లిష్ సరిగా రాదు. కానీ వెర్రివాడయ్యేది ఎప్పుడూ బాసిల్. తను నేర్చుకున్నది అసలు సిసలు స్పానిష్ అనీ, మాన్యుయెల్‌దే ఏదో వింత యాస అనీ అంటాడు చూడండి, తప్పు తనదని ఒప్పుకోలేని దొరతనం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. మాన్యుయెల్‌గా వేసిన ఆండ్రూ సాక్స్ బెర్లిన్‌లో పుట్టి, నాజీల వల్ల చిన్నప్పుడే కుటుంబంతో ఇంగ్లండ్ చేరుకున్నవాడు. పరాయి దేశంలో భాష రాక తడబడడం ఆయనకి తెలుసు.

గోదారి గాలి
మాన్యుయెల్‌ని కూడా బాసిల్ నెత్తి మీద కొడుతూనే ఉంటాడుగా? ప్రతి ఎపిసోడ్‌లో? అది తప్పు కాదా? మైండ్ యువర్ లాంగ్వేజ్‌లో మాస్టారు ఏనాడూ ఎవరినీ కొట్టలేదు, స్టూడెంట్లంటే ప్రేమ. ఒకళ్లతో ఒకళ్లు పోట్లాడుకున్న అలీ, రంజీత్ కూడా మళ్లీ అదే క్లాసులో కలిసి కూర్చుంటారు. నాకు ఆ ప్రేమ కనిపించింది. మీకు జరిగింది మాత్రం చాలా అన్యాయం, అది ఒప్పుకుంటాను.

స్క్రిప్ట్ పిచ్చి
ఇద్దరి మాటా అర్థమైంది. ఈ విషయంలో మన తరఫున జవాబు చెప్పింది గుడ్‌నెస్ గ్రేషియస్ మీ. సిట్‌కామ్ కాదు, చిన్న చిన్న స్కిట్ల ప్రోగ్రామ్, 1998లో టీవీకి వచ్చింది, సంజీవ్ భాస్కర్, మీరా స్యాల్, కుల్విందర్ ఘీర్, నీనా వాడియా. బాంబేలో కొందరు తాగేసి "ఇంగ్లిష్ తిండి" తినడానికి వెళ్తారు, సర్వర్ పేరు సరిగ్గా పలకలేరు, మెనూలో అన్నిటికంటే చప్పటిది ఏదో అదే పట్రమ్మంటారు. శుక్రవారం రాత్రుళ్లు బ్రిటన్ కర్రీ హోటళ్లలో మనవాళ్లు భరించేదాన్ని అద్దంలా తిప్పి చూపించారు. అందరూ నవ్వారు, తెల్లవాళ్లూ నవ్వారు.

ఓరుగల్లు
నా లిస్టులో మొదటిది ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్. జాన్ సల్లివన్ రాసిండు, 1981 నుంచి. లండన్‌లో పెకమ్ అనే పేట, అన్న డెల్, తమ్ముడు రాడ్నీ, ఇంట్లో తాత. మూడు చక్రాల పసుపు వ్యాన్‌లో దొంగ సరుకు, చవక సరుకు అమ్ముతుంటరు. "వచ్చే ఏడాది ఈపాటికి మనం మిలియనీర్లం" అని డెల్ ప్రతిసారి అంటడు.

షాండ్లియర్ సీను చెప్పాలె. పెద్ద బంగళా, పైకప్పుకు రెండు గాజు షాండ్లియర్లు. శుభ్రం చేస్తమని ఒప్పుకున్నరు, ఏమీ రాదు. డెల్, రాడ్నీ నిచ్చెనలెక్కి ఒకదాని కింద దుప్పటి పట్టుకుని రెడీగా ఉంటరు. పై అంతస్తులో తాత బోల్టు విప్పుతుంటడు. వీళ్ల కళ్లు పైనే. ఒక్క దెబ్బ, అంతే, పడింది వెనకున్న రెండోది! ఇద్దరూ దుప్పటి పట్టుకునే తలలు తిప్పి చూస్తరు. సల్లివన్ వాళ్ల నాన్న ప్లంబర్ పనికి పోయినప్పుడు నిజంగనే ఇట్ల జరిగిందట, ఇంట్లో చెప్పిన కథే టీవీకెక్కింది.

బార్‌లో పడిపోయే సీను అందరికీ తెలుసు. డెల్ సూటు వేసుకుని స్టయిల్‌గా బార్ మీద ఆనుకోబోతడు, అంతలో పనివాడు ఆ పలక పైకెత్తి పోయిండు, డెల్ కర్ర లెక్క పక్కకు పడిపోతడు. చెయ్యి కూడా అడ్డం పెట్టడు డెల్‌గా వేసిన డేవిడ్ జేసన్. కానీ డెల్ దోస్తు ట్రిగ్గర్‌ని చూడండి. పక్కనున్న మనిషి మాయమైతే ఇటు అటు తిరిగి తలుపు దిక్కు చూస్తడు. సగం నవ్వు ఆయనదే.

డెల్ ఓడిపోతనే ఉంటడు, మళ్లీ పొద్దున లేచి మార్కెట్‌కు పోతడు. 1996లో గ్యారేజీలో ఎన్నో ఏళ్లుగా పడి ఉన్న పాత గడియారం వేలంలో 62 లక్షల పౌండ్లు పలికి నిజంగనే మిలియనీర్లయితరు. ఆ రోజు రెండు కోట్ల 43 లక్షల మంది చూసిన్రు. పక్కింటోడు గెలిచినంత సంబురం వాళ్లకు.

లీసెస్టర్ తెలుగు
ఓరుగల్లు అన్నా, బాగా చెప్పారు. ఇక్కడి కామెడీలో సగం హోదా గోలే. కీపింగ్ అప్ అప్పియరెన్సెస్‌లో హయసింత్ ఫోనెత్తితే తన ఇల్లు రాజభవనం అన్నంత గొప్పగా మాట్లాడుతుంది, ఆవిడ చెల్లెళ్ల ఇంటి ముందు మాత్రం చెడిపోయిన కారు, అందులో కుక్క. పక్కింటి ఎలిజబెత్ కాఫీకి వస్తే ఆ ఖరీదైన కప్పు చూసి చేతులు వణికి ఒలకబోస్తుంది. డాడ్స్ ఆర్మీ ఇంకా సున్నితం. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రపు ఒడ్డున చిన్న ఊరు, ముసలివాళ్లతో హోమ్ గార్డ్ దళం. కెప్టెన్ మెయిన్‌వారింగ్ బ్యాంకు మేనేజరు, కష్టపడి పైకొచ్చినవాడు. అతని కింద సార్జెంట్ విల్సన్, బ్యాంకులోనూ అతని కిందే, కానీ పుట్టుకతో పెద్దింటివాడు. విల్సన్ "ఇలా చేయడం అంత తెలివైన పనంటారా సర్?" అని మెత్తగా అంటే చాలు, మెయిన్‌వారింగ్ మొహంలో రంగులు మారతాయి.

పట్టుబడ్డ జర్మన్ కెప్టెన్ తన లిస్టులో రాసుకోవడానికి కుర్రాడు పైక్ పేరు అడుగుతాడు. మెయిన్‌వారింగ్ ఏమంటాడు? "చెప్పకు పైక్!" ఇప్పటికీ ఇక్కడ ఆఫీసులో ఎవరైనా నోరు జారితే ఈ మాటే వాడతారు.

కొత్త సభ్యురాలు
అందరికీ నమస్తే. మా అత్తగారికి, మావగారికి ఇంగ్లిష్ అంతగా రాదు. వాళ్లతో కలిసి చూడటానికి ఏదైనా చెప్పండి.

సర్వర్ రూమ్
మిస్టర్ బీన్ అండీ, రెండో ఆలోచన వద్దు. 1990 నుంచి 95 వరకు, పట్టుమని పదిహేను ఎపిసోడ్లు, మాటలు దాదాపు ఉండవు. మొదటి దాంట్లో పరీక్ష సీను నుంచే మొదలుపెట్టండి. బల్ల మీద పెన్నుల గుత్తి, బొమ్మలు పేర్చుకుంటాడు, కాపీ కొట్టాలని పక్కవాడి పేపర్ మీదకి మెల్లమెల్లగా వాలుతాడు. చూడటానికి ఇంగ్లిష్ అక్కర్లేదు, ఒకసారి పరీక్ష రాసి ఉంటే చాలు. బీన్‌గా వేసిన రోవన్ అట్కిన్సన్ న్యూకాసిల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో మాస్టర్స్ చేసినవాడు, మన ఇంజనీరింగ్ ఇళ్లలో ఇది చెప్తే ఇంకా దగ్గరవాడవుతాడు.

స్క్రిప్ట్ పిచ్చి
అదే అట్కిన్సన్ బ్లాక్ఆడర్ ఎవరూ చెప్పలేదేంటి! నాలుగు సిరీస్‌లు, ఒక్కోటి ఒక్కో కాలం. నాలుగోది 1989లో, మొదటి ప్రపంచ యుద్ధం కందకాల్లో. చివరి ఎపిసోడ్ మొత్తం దాడికి వెళ్లకుండా తప్పించుకునే ప్రయత్నాలే. ఉన్నట్టుండి ఫిరంగులు ఆగుతాయి, యుద్ధం ముగిసిందని ఒక్క క్షణం అందరి మొహాలూ వెలుగుతాయి. కాదు, తమ మనుషులకి తగలకూడదని ఆపారంతే. బ్లాక్ఆడర్ కింద పనిచేసే బాల్డ్రిక్ ఎప్పటిలాగే ఒక ప్లాన్ ఉందంటాడు. నాలుగు సిరీస్‌ల నుంచీ ఆ మాటకి నవ్విన మనం ఈసారి నవ్వలేం. బ్లాక్ఆడర్ కూడా వెక్కిరించడు, పిచ్చివాడిలా నటించి తప్పించుకుందామన్న నా ప్లాన్ కంటే బాగానే ఉండుంటుంది, ఇక్కడ ఇంకో పిచ్చివాడు ఉంటే ఎవరు గుర్తుపడతారు అంటాడు. తర్వాత అందరూ కందకం దాటి పైకెళ్తారు. కామెడీ సీరియల్‌ని అలా ముగించే ధైర్యం ఇంకెక్కడా చూడలేదు.

అలా ముగించడం కుదిరింది కూడా చిన్న సిరీస్‌లు కాబట్టే. ఒకరిద్దరు రచయితలే మొత్తం రాస్తారు, ఆరు ఎపిసోడ్లు, చెప్పాల్సింది అయిపోతే ఆపేస్తారు. ది ఆఫీస్ చూడండి, రికీ జెర్వేస్, స్టీఫెన్ మర్చంట్ పన్నెండు ఎపిసోడ్లు, ఒక క్రిస్మస్ స్పెషల్ తీసి చాలించారు. అమెరికా వాళ్లు దాన్నే 201 ఎపిసోడ్లకి సాగదీశారు. అమెరికాది నాకూ ఇష్టమే, కానీ బ్రిటిష్ దాంట్లో మేనేజర్ డేవిడ్ బ్రెంట్ జోకేశాక స్లౌ ఊరి ఆఫీసులో వచ్చే ఆ నిశ్శబ్దం, ఎవరూ నవ్వకపోతే అతను కెమెరా వైపు చూసే చూపు, అంత సూటిగా అక్కడ గుచ్చుకోదు.

బెజవాడ బ్యాచ్
ఈ వారాంతం డాడ్స్ ఆర్మీ మొదలుపెడుతున్నా. లీసెస్టర్ గారూ, 80 ఎపిసోడ్లున్నాయట, మొదటి నుంచీ చూడాలా?

లీసెస్టర్ తెలుగు
వరుస అక్కర్లేదు. ముందు పైక్ సీను ఉన్న ది డెడ్లీ అటాచ్‌మెంట్ చూడండి, 1973ది, కలర్‌లోనే ఉంది. నచ్చితే 1968 బ్లాక్ అండ్ వైట్ వాటికి వెళ్లండి. రెండో సిరీస్‌లో మూడు మాత్రం దొరకవు, అప్పట్లో బీబీసీ టేపులు చెరిపేసి మళ్లీ వాడుకునేది. అవి తప్ప మిగతావన్నీ ఉన్నాయి. చూశాక విల్సన్ గురించి ఇక్కడే రాయండి, నేను ఎదురుచూస్తుంటాను.